భాయ్ ఖిడ్కీలో ఎనభై ఒకటి

మా కాలేజీ సర్వర్ గదిలో ఒక రిజిస్టర్ ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోయింది, జనరేటర్ ఎప్పుడు వేశారు, ఏ పనైనా ఆగిందా అని అందులో రాస్తాం. రెండేళ్ల కింద ఒక శుక్రవారం నేను అందులో ఒక వాక్యం రాశాను. "విద్యుత్ అంతరాయం వల్ల నడుస్తున్న పని ఆగిపోయినది." కరెంటు పోయిన మాట నిజం. పని ఆగిన మాటా నిజమే. ఒకదాని వల్ల రెండోది జరిగిందన్నదే అబద్ధం. ఆ అబద్ధం నా చేతిరాతలో ఉంది. దాని భారం మాత్రం ఇంకో మనిషి మోశాడు. ఆ లెక్క సరిచేయడానికే ఇది రాస్తున్నాను. కాకపోతే ఆ రోజుల్లో నాకు గుర్తున్నదంతా చాలావరకు సంతోషమే. పశ్చాత్తాపం రాయబోయి మధ్యలో నవ్వితే మన్నించాలి.

హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకోవడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. పుట్టింది కాశిబుగ్గలో, నేతపని ఇంట్లో. నాన్న జంపఖానాలు నేసేవాడు. అన్నం వేళ మగ్గం మీద నుంచి లేచి వెళ్లిపోయేవాడు. తిని, కాసేపు నడుం వాల్చి మళ్లీ వచ్చి కూర్చుంటే, వదిలిన పోగు వదిలినచోటే ఉండేది. నేత తనంతట తాను ఎక్కడికీ పోదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఆ సుఖం లేదు. సర్వర్ ఒక గదిలో, నేను ఇంకో గదిలో. నా కంప్యూటర్‌లో టెర్మినల్ అనే నల్లటి విండో తెరిచి, అందులో ఆజ్ఞలు కొడితే అక్కడ సర్వర్ పని చేసేది. మధ్యలో కనెక్షన్ తెగితే పని కూడా చచ్చేది. తర్వాత ఒక సీనియర్ నాకు మల్టీప్లెక్సర్ నేర్పాడు. అది సర్వర్‌లోనే కూర్చుని మన పనులన్నిటినీ పట్టుకుని ఉండే చిన్న ప్రోగ్రామ్. మనం విండో మూసుకుని ఇంటికి పోయినా పని ఆగదు. మర్నాడు వచ్చి మళ్లీ కలిపితే అంతా వదిలినచోటే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నాన్న మగ్గమే గుర్తొచ్చింది.

దాన్ని నేనొక గారడీ చేసుకున్నాను. ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చిన విద్యార్థుల ముందు పెద్ద పని ఒకటి మొదలుపెట్టేవాణ్ని. అంకెలు జలజలా పారుతుండగా, చెయ్యి పైకెత్తి, అందరూ చూసేలా విండో మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కేవాణ్ని.

"పోయిందా?"

"పోయింది సార్!"

"పోలేదు." మళ్లీ తెరిచేవాణ్ని. అంకెలు అలాగే పారుతుండేవి. చప్పట్లు పడేవి. పదిహేనేళ్లు ఆ చప్పట్లు తిన్నాను. ఇంటూ నొక్కితే ఏమీ కాదన్నది నా వేలికి అలవాటైపోయింది.

మూడేళ్ల కింద ములుగు నుంచి ఒకమ్మాయి మా ల్యాబ్‌లో చేరింది. చదువు పూర్తిచేసి, ప్రాజెక్టు మీద వచ్చిన ప్రోగ్రామర్. కాశిబుగ్గ ఇళ్లలో మిగిలిన పాత జంపఖానాలను ఫొటోలు తీసి, ఒక్కోదాని నమూనాను గళ్ల కాగితం మీదికి ఎక్కించే ప్రోగ్రామ్ ఆమెది. ఆ ఫొటోల్లో మా నాన్న నేసినవి రెండున్నాయి. అందుకే ఆ పని మీద నాకు మరింత ప్రేమ.

మల్టీప్లెక్సర్‌తో నేను పడే తిప్పలు ఆమె మొదటిరోజే చూసింది. అప్పట్లో విండో రెండుగా చీల్చాలన్నా, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలన్నా రెండు మీటలు కలిపి నొక్కి, వదిలి, మూడోది నొక్కాలి. నేను చూడకుండానే నొక్కేవాణ్ని. అదో గర్వం.

"సార్, మీరు పని చేస్తాన్రా, హార్మోనియం వాయిస్తాన్రా?" అంది.

"నీకేం తెలుసు? ఇది సాధన."

"గీ సాధన ఇప్పుడు అక్కర లేదు సార్. టెర్మినల్‌లనే మల్టీప్లెక్సర్ కలిసొస్తాంది. జర నన్ను ఇన్‌స్టాల్ చెయ్యనియ్యిన్రి."

వారం రోజులు వద్దన్నాను. ఎనిమిదో రోజు ఒప్పుకున్నాను. తొమ్మిదో రోజుకు ఆ కొత్త టెర్మినల్ లేకుండా ఇన్నాళ్లు ఎలా బతికానా అనిపించింది. సర్వర్‌లో నడుస్తున్న ఒక్కో పనీ నా తెర మీద మామూలు ట్యాబ్‌లా కనిపించేది. తెరను గదులుగా చీల్చే గీతను మౌస్‌తో పట్టుకుని జరిపితే గది పెద్దదయ్యేది, చిన్నదయ్యేది. వెనక్కి జరిపి పాత వరసలు చదవడానికి ఏ మీటా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నలభై ఆరేళ్ల వయసులో కొత్త సైకిల్ దొరికినట్టుంది నాకు. టీ తాగుతూ ఊరికే గీతలు అటూ ఇటూ జరుపుకునేవాణ్ని.

ఇక్కడే భాయ్ వస్తాడు.

భాయ్ మా కాలేజీ యూపీఎస్, బ్యాటరీలు, జనరేటర్ చూసుకునే మనిషి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను చేరేనాటికే ఆయన అక్కడున్నాడు. కాలేజీ బ్యాటరీలని ఎప్పుడూ అనడు, "నా బ్యాటరీలు" అంటాడు. విద్యార్థుల ముందు నన్ను సార్ అని, ఇద్దరమే ఉన్నప్పుడు తమ్మీ అని పిలిచేవాడు. తన చేతిలో ఉండగా సర్వర్ ఒక్కసారి కూడా కరెంటు లేక ఆగలేదన్నది ఆయన గొప్ప. అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ల్యాబ్ గోడకు పెద్ద తెర ఉంది. కొత్త టెర్మినల్ వచ్చాక దాని మీద ఒకే ట్యాబ్‌ను నాలుగు గదులుగా చీల్చి పెట్టాను. ఒకదాంట్లో అమ్మాయి ప్రోగ్రామ్, ఇంకోదాంట్లో అది చెప్పే సంగతులు, మూడోదాంట్లో సర్వర్ వేడి. నాలుగోది ఖాళీగా ఉంటే భాయ్ కోసం చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టాను. నిమిషానికి ఒక వరస. టైమ్, పక్కన బ్యాటరీ ఎంత శాతం ఉందో ఆ అంకె. అదే ఒక ఫైల్‌లోకి కూడా ఎక్కేది.

భాయ్ మొదటిసారి చూసి తెరకు దగ్గరగా వచ్చాడు.

"గిది నా కోసమేనా?"

"నీ కోసమే భాయ్. నీ విండో."

"నా ఖిడ్కీ," అన్నాడు. ఆ తర్వాత అందరూ దాన్ని భాయ్ ఖిడ్కీ అనే అన్నారు. రోజూ పదింటికి చేతులు వెనక కట్టుకుని వచ్చేవాడు. తెర ముందు నిలబడి, "నూరు. మాషా అల్లా," అని, తర్వాతే టీకి పోయేవాడు.

వానాకాలంలో ములుగు రోడ్డు మీద నీళ్లొచ్చి బస్సులు ఆగిన రోజుల్లో అమ్మాయి ఇంటి నుంచే పని చేసేది. ఒకే సెషన్‌లో, అంటే సర్వర్‌లో తెరిచి ఉన్న ఒకే పనిలో, ఇద్దరం కలిసి ఉండొచ్చు. ఆమె అక్కడ కొట్టిన అక్షరాలు ఇక్కడ గోడ మీద పడేవి. ఒకరోజు భాయ్ వచ్చి చూస్తే ల్యాబ్‌లో నేనొక్కణ్నే ఉన్నాను. నా చేతిలో టీ కప్పు. తెర మీద అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి.

"తమ్మీ, గా పిల్ల రాలే గదా? మరి గీడ ఎవరు రాస్తాన్రు?"

"ఆమెనే భాయ్. అక్కడ కొడితే ఇక్కడ పడతాంది."

భాయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఐతే అడుగు. వాన పడతాందా?"

నేను కొట్టాను. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో. జవాబు ఒక్కో అక్షరం పడింది. నేను చదివి వినిపించాను. "దంచి కొడతాంది చాచా. మా అమ్మ మక్కకంకులు కాలుస్తాంది."

"గవి గూడ ఇట్లనే పంపుమను," అన్నాడు భాయ్.

రెండు రోజుల తర్వాత బస్సులు నడిచాక ఆమె సంచి నిండా మక్కకంకులు తెచ్చింది. భాయ్ వాటిని తెరకు చూపించి, "వచ్చినయ్," అన్నాడు. అలా నవ్వుకుంటూ గడిచింది ఏడాది.

ఇప్పుడు ఆ శుక్రవారం గురించి.

జంపఖానాల ఫొటోలన్నీ ఒక్కటిగా వేసి ప్రోగ్రామ్ నడిపితే మా పాత సర్వర్ మీద తొమ్మిది రోజులు పడుతుంది. ఆ రోజు ఆరోది. సోమవారం ప్రాజెక్టు చూడ్డానికి బయటివాళ్లు వస్తున్నారు. అప్పటికి దాదాపు అంతా చేతికొస్తుందని లెక్క. శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయి అన్నానికి పోయింది. భాయ్ జుమా నమాజ్‌కు పోయాడు. ఆయన చిన్నప్పటి నుంచి వెళ్లే మసీదు మండిబజార్ వైపు ఉంది. నమాజ్ అయ్యాక పాత దోస్తులు నలుగురితో హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వారం మొత్తంలో ఆయన తన కోసం ఉంచుకున్నది ఆ గంటన్నర ఒక్కటే.

ఒంటిగంటా నలభైకి కరెంటు పోయింది.

సర్వర్ గదికి పెద్ద యూపీఎస్ ఉంది, అరగంట మోస్తుంది. నా టేబుల్ కింద ఉన్నది చిన్నది, ఐదారు నిమిషాలే. అది కుయ్ కుయ్ మని అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు వింటే నాకు ఎప్పుడూ చిరాకే. తెరిచినవన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చాను. టెర్మినల్ ట్యాబ్ మీద ఇంటూ నొక్కాను, పదిహేనేళ్లుగా నొక్కినట్టే.

పని నడుస్తున్న ట్యాబ్‌ను కొత్త టెర్మినల్‌లో మూయడం అదే మొదటిసారి. తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చి ఏదో అడిగింది. మూడు మీటలున్నాయి. కింద 'మళ్లీ అడగొద్దు' అని ఒక గడి. నేను చదవలేదు. ఆ గడిలో టిక్ పెట్టి, మొదటి మీట నొక్కి, కంప్యూటర్ ఆపేశాను.

పాత పద్ధతిలో నేను మూసేది నా విండోను మాత్రమే. పని సర్వర్‌లో భద్రంగా ఉండేది. కొత్త టెర్మినల్‌లో మల్టీప్లెక్సర్ లోపలే కలిసి ఉంది కాబట్టి నా ట్యాబ్, సర్వర్‌లో పని నడుస్తున్న గది రెండూ ఒకటే. అందుకే అది మర్యాదగా అడిగింది, పనిని చంపాలా, దాచాలా, విడదీసి వదిలెయ్యాలా అని. నేను చంపమన్నాను. ఇంకెప్పుడూ అడగొద్దని కూడా చెప్పాను.

కరెంటు పోయిన పదకొండో నిమిషానికి జనరేటర్ చప్పుడు వినిపించింది. భాయ్ టోపీ కూడా తీయకుండా చెమటలతో వచ్చాడు. అక్కడ మసీదులో కూడా ఫ్యాన్లు ఆగగానే నమాజ్ ముగించుకుని బండి మీద వచ్చేశాడట.

"ఫికర్ జేయకు తమ్మీ. నా బ్యాటరీలు మోసినయ్," అన్నాడు.

కంప్యూటర్ పెట్టి చూస్తే ట్యాబ్ లేదు. నాలుగు గదులూ లేవు. సర్వర్ ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే ఆజ్ఞ ఒకటుంది. కొట్టాను. రెండు వందల రోజులకు పైగా ఉంది. అంటే సర్వర్ ఒక్క క్షణం కూడా కన్ను మూయలేదు. చంపింది నేనే. అది నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. తర్వాత చెప్పిన ఏ సాకూ తెలియక చెప్పింది కాదు.

అమ్మాయి వచ్చింది. "సార్, నా జాబ్ కనవడతలేదు?"

"కరెంటు పోయింది," అన్నాను.

డైరెక్టర్ సార్ వచ్చారు. "జనరేటర్ ఎన్ని నిమిషాలకేసిన్రు?"

"పదకొండు," అన్నాను.

"ఈయనెక్కడ పోయిండు?"

"నమాజ్‌కు సార్."

చూడండి, ఒక్కటీ అబద్ధం కాదు. డైరెక్టర్ సార్ చెడ్డ మనిషి కూడా కాదు. భాయ్ భుజం మీద చెయ్యి వేసి, అందరి ముందే మెల్లగా అన్నారు. "శుక్రవారం జర తొందరగ వస్తుండు భాయ్. గీ పిల్ల ఆరు రోజుల కష్టం పోయింది." భాయ్ నా వైపు చూశాడు. బ్యాటరీలు మోశాయనే ఆయన నమ్మకం. నేను ఒక్క మాట చెప్తే చాలు. నేను రిజిస్టర్ తెరిచి ఆ వాక్యం రాశాను.

సోమవారం మూడో వంతు పనితోనే చూపించాం. బయటివాళ్లకు అదే చాలా నచ్చింది. తొమ్మిది రోజుల పని మళ్లీ మొదలుపెడితే తొమ్మిది రోజుల్లో అయిపోయింది. పోయిందంతా తిరిగొచ్చింది, భాయ్ పేరు తప్ప. కాలేజీలో ఎక్కడ బల్బు ఆరినా ఎవరో ఒకరు, "భాయ్, ఇయ్యాల శుక్రవారం కాదు గదా?" అనేవారు. అందరూ నవ్వేవారు. భాయ్ కూడా నవ్వేవాడు.

ఆయన మసీదు మార్చేశాడు. కాలేజీకి దగ్గర్లో, జుమా తొందరగా అయిపోయే చోటికి పోయి పావుగంటలో తిరిగొచ్చేవాడు. హోటల్ చాయ్ పోయింది. బ్యాటరీలను ఒక్కొక్కటే విప్పి పరీక్షించాడు, రెండు మార్పించాడు. నేను ఖిడ్కీని మళ్లీ పెట్టాను కానీ దాని ముందుకు ఆయన రాలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు కూడా నన్ను సార్ అనడం మొదలుపెట్టాడు. ఎంత మర్యాదగా అనేవాడంటే, నేను తలెత్తేవాణ్ని కాదు.

మొన్న భాయ్ రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. డైరెక్టర్ సార్ నన్ను పిలిచి, ఆయన గురించి ఒక పేజీ రాయమన్నారు. సభలో చదవడానికి.

"మంచిగ రాయి. గా శుక్రవారం సంగతి మాత్రం రాయకు. ఒక్క తప్పు ఎవరు చెయ్యరు? పాపం, మంచోడు."

చేయని తప్పుకు ఆయన్ను క్షమించేశారు. నిందించినప్పుడు ఊరుకున్నవాణ్ని, ఆ క్షమాపణ దగ్గర మాత్రం తట్టుకోలేకపోయాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నేతలో తప్పు పడితే, నేసినవాడే విప్పాలి. మా అన్న తప్పు నేస్తే నాన్న దాన్ని ముట్టుకునేవాడు కాదు. కోపంతో కాదు. "నేసినోని చేతికే తెలుస్తది, యాడ తప్పిందో," అనేవాడు. పక్కవాడు విప్పితే మంచి పోగులు కూడా తెగుతాయి. నా తప్పు పోగు ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు. ఆ రోజే పాత ఫైళ్లు వెతికాను. భాయ్ ఖిడ్కీ ఫైల్ అలాగే ఉంది. ఆ శుక్రవారం చివరి వరస ఒంటిగంటా నలభై ఆరుది. పక్కన ఎనభై ఒకటి. అమ్మాయి ప్రోగ్రామ్ చెప్పిన చివరి మాట కూడా ఆ నిమిషానిదే. ఎనభై ఒక్క శాతం బ్యాటరీ ఉండగా ఏ సర్వరూ కరెంటు లేక చావదు.

మర్నాడు బ్యాటరీల గదికి వెళ్లాను. భాయ్ గరాటు పెట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాడు.

"ఏం సార్, ఇటొచ్చిన్రు?"

నిలబడే చెప్పాను. చిన్న యూపీఎస్ అరుపు, ఇంటూ, డబ్బా, టిక్, రిజిస్టర్, అంతా. భాయ్ సీసా కింద పెట్టలేదు. నేను చెప్పడం అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"అప్పుడు ఎంత ఉండె?"

"ఎనభై ఒకటి."

"ఎనభై ఒకటి!" సీసా కింద పెట్టేశాడు. "నా బ్యాటరీ ఎనభై ఒకటి మీద ఉండె?"

"ఉండె భాయ్."

"రెండేండ్లు గీ బ్యాటరీలను తిట్టిన గదా నేను! మంచిగున్న రెండిటిని పీకి అవతల పారేపిచ్చిన. నిద్రల గూడ లెక్కవెట్టుకున్న, ఎక్కడ తక్కువైందని." నేను తల వంచుకున్నాను. కాసేపటికి దగ్గరున్న బ్యాటరీని అరచేత్తో తట్టాడు, బర్రెను తట్టినట్టు. "మాఫ్ జెయ్ రా," అన్నాడు. నాతో కాదు, బ్యాటరీతో.

నేనూ అదే మాట అన్నాను, ఆయనతో.

"నాకు చెప్తే ఏమొస్తది? రాసింది రిజిస్టర్ల గదా, అండ్లనే కొట్టేసి రాయి. అందరి ముంగట నా ఖిడ్కీ తెరిచి చూపియ్యి. ఇంకోటి." వేలెత్తాడు. "ఎల్లుండి నా ఆఖరి శుక్రవారం. నేను నా మసీదుకు పోత. నా దోస్తులతోని చాయ్ తాగుత. జనరేటర్ కాడ నువ్వు కూసుంటవ్."

"నాకు జనరేటర్ రాదు భాయ్."

"నాకు కంప్యూటర్ వచ్చునా? రెండేండ్లు దాని పాపం మొయ్యలేదా?"

గురువారం ల్యాబ్‌లో అందరినీ కూర్చోబెట్టాను. డైరెక్టర్ సార్ ముందు వరసలో. నా పాత గారడీనే చేశాను. పని మొదలుపెట్టి, చెయ్యెత్తి, ఇంటూ నొక్కాను. ఆ డబ్బా మళ్లీ అడిగేలా ముందే సెట్టింగ్ మార్చి ఉంచాను. అది వచ్చింది. ఈసారి మూడు మీటల మీద ఏముందో పైకి చదివాను. "ఆ రోజు నేను మొదటిది నొక్కాను. కరెంటు వల్ల కాదు, భాయ్ వల్ల కాదు, నా వల్ల ఆగింది," అని చెప్పి, ఫైల్ తెరిచి ఎనభై ఒకటి చూపించాను.

ముందుగా అమ్మాయే అంది. "సార్, చంపుమన్నరు సరే. మల్ల అడగొద్దని గూడ చెప్పిన్రా?"

"చెప్పాను."

"స్క్రీన్ మీద ఏముందో చదువున్రి, చదువున్రి అని మమ్ములనే గదా సార్ తిట్టేది?"

ల్యాబ్ మొత్తం పడి పడి నవ్వింది. డైరెక్టర్ సార్ నవ్వలేదు. నాకు మెమో ఇస్తానన్నారు, సాయంత్రానికి ఇచ్చారు కూడా. అది నా ఫైల్లో ఉంది, ఉండాలి. తర్వాత ఆయన లేచి భాయ్ దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకున్నారు. భాయ్ మాత్రం తెర వైపే చూస్తున్నాడు. దగ్గరికి పోయి ఆ అంకె కింద వేలు పెట్టాడు.

"బిడ్డా, గిట్ల ఒక ఫొటో దియ్యి. అంకె మంచిగ రావాలె. నేను రాకున్నా మంచిదే."

రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ తన ఖిడ్కీ ముందు నిలబడ్డాడు.

శుక్రవారం పొద్దున అమ్మాయి ఇంకో పని చేసింది. భాయ్ ఫోన్‌లో ఒక చిన్న టెర్మినల్ పెట్టి, మా సెషన్‌కు కలిపింది. చూడ్డానికే, ఏమీ నొక్కడానికి కాదు. ఎక్కడ కూర్చున్నా ఆయన ఖిడ్కీ ఆయన చేతిలో ఉంటుంది. భాయ్ నాకు జనరేటర్ పాఠం చెప్పాడు. "మూడే ముచ్చట్లు. డీజిల్ చూడు. తాళం తిప్పు. ఇంజన్ కుదురుకున్నంక గీ హ్యాండిల్ కిందికి గుంజు, అప్పుడే జనరేటర్ కరెంటు లోపటికి పోతది." తెల్లటి లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, బండెక్కి మండిబజార్ పోయాడు. నేను జనరేటర్ పక్కన స్టూల్ మీద కూర్చున్నాను.

రెండు దాటాక కరెంటు పోయింది. భాయే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి తీయించాడని అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

డీజిల్ చూశాను. తాళం తిప్పాను. మొదటిసారి దగ్గింది. నాలుగోసారికి అందుకుంది. నేల అదిరేలా చప్పుడు. గెలిచినట్టే అనిపించి మళ్లీ స్టూల్ మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"తమ్మీ!" అన్నాడు భాయ్.

రెండేళ్ల తర్వాత ఆ మాట. తర్వాత ఆయన ఏమన్నాడో నాకు వెంటనే ఎక్కలేదు.

"తమ్మీ, ఇనవడతాందా? ఫోన్‌ల ఇంజన్ సప్పుడు ఈడిదాక వస్తాంది. మరి నా ఖిడ్కీల అంకె ఎందుకు దిగుతాంది? డెబ్బై ఎనిమిది!"

వెనక హోటల్ చప్పుడు, ఇంకో ముసలి గొంతు. "అవ్, డెబ్బై ఎనిమిది!"

"డీజిల్ చూసిన భాయ్, తాళం తిప్పిన..."

"హ్యాండిల్ గుంజినవా?"

గుంజలేదు. లేచి ఉరికాను. అది బిగుసుకుని ఉంది.

"డెబ్బై ఐదు," అని హోటల్‌లోంచి ఇద్దరు ముగ్గురు కలిసి అరిచారు. క్రికెట్ చూస్తున్నట్టున్నారు. "అరె మియా, రెండు చేతులతోని పట్టుమను!" "కాలు తన్నిపెట్టి గుంజుమను!"

"ఇంటున్నవా తమ్మీ? కాలు తన్నిపెట్టుమంటాన్రు."

కాలు తన్నిపెట్టి గుంజాను. ధడ్ మని పడింది. ల్యాబ్‌లో లైట్లు వెలిగాయి. నిమిషానికి ఒక వరసే కదా వచ్చేది. నేనూ, హోటల్లో ఆ ఐదుగురూ తర్వాతి అంకె కోసం ఎదురుచూశాం.

"డెబ్బై నాలుగు కాడ ఆగింది," అన్నాడు భాయ్. "మల్ల ఎక్కుతాంది." హోటల్లో చప్పట్లు కొట్టారు. నా గారడీకి పిల్లలు కొట్టిన చప్పట్లన్నీ ఒకెత్తు, ముఖాలు తెలియని ఆ ముసలివాళ్లు కొట్టినవి ఒకెత్తు.

మూడింటికి భాయ్ తీరిగ్గా వచ్చాడు. "డెబ్బై నాలుగు దాక దించినవ్. నేను ఎనభై ఒకటి మీదనే ఆపిన," అన్నాడు. ఎనభై ఒకటి తర్వాత ఖిడ్కీ నా చేతిలో చచ్చింది, జనరేటర్ పడింది ఇంకో ఐదు నిమిషాలకు, ఆ ఐదు నిమిషాల లెక్క ఎక్కడా లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నేను నోరు మెదపలేదు. లెక్క సరిచేస్తానని మొదలుపెట్టాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రిజిస్టర్ తీసి నా ముందు పెట్టాడు. పాత పేజీలో నా వాక్యం బుధవారమే కొట్టేసి, పక్కన జరిగింది రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు కొత్త పేజీ. భాయ్ నిలబడి చెప్పాడు, నేను రాశాను. కరెంటు పోయింది రెండూ ఐదుకు. జనరేటర్ మీదికి మార్చింది రెండూ పదమూడుకు. ఏ పనీ ఆగలేదు.

"ఆలస్యం ఎందుకైందో రాయి."

'హ్యాండిల్ వేయడం మరిచిపోయాను' అని రాసి, కింద నా పేరు రాశాను. భాయ్ కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో మాటా పట్టుకుంటూ చదివాడు. తలూపాడు. లాల్చీ జేబులోంచి కాగితపు పొట్లం తీసి రిజిస్టర్ మీద పెట్టాడు. విప్పితే నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, ఒకటి విరిగింది.

"మా దోస్తులు పంపిన్రు," అన్నాడు. "కొత్త జనరేటర్ ఆపరేటర్‌కు ఇయ్యుమన్నరు."